మెయిన్ ఆపాక

మెయిన్ ఆపగానే
ముందు ఫ్రిజ్ గొంతు పడిపోయింది,
తర్వాత రెక్కలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.
పదహారేళ్లుగా దీని కిందే పడుకుంటున్నా
రెక్కలు ఎన్నని ఎప్పుడూ లెక్కపెట్టలేదు.
అంచుల నిండా నల్లటి జిడ్డు
సముద్రం రోజుకింత తెచ్చి పూసి పోయింది.

కంచరపాలెం, మూడో అంతస్తు, వైశాఖం.
మంచం మీద పాత పేపర్లు పరిచాను.
సన్నిబాబు నిచ్చెన మీద,
వాళ్ల గుంట హైమ కింద,
పళ్ల మధ్య రెండు స్క్రూలు పట్టుకుని
ఏం అడిగినా తలతోనే జవాబు.

నేను అడిగింది చిన్న సంగతే.
నైట్ డ్యూటీ దిగొచ్చి పగలు పడుకునేదాన్ని,
నాకు ఫ్యాను తిరగాలి, దీపం వెలగకూడదు.
మా ఆయన రేవులో ఐసు దిమ్మల లెక్క రాస్తాడు,
ఆయనకి దీపం వెలగాలి, ఫ్యాను తిరగకూడదు,
తిరిగితే చీటీలన్నీ మంచం కిందికి.
ఇన్నాళ్లూ రోజుకొకరం ఓడిపోతూ వచ్చాం.

"ఒకే స్విచ్చి మీద కలిపీమంటే పావుగంట పనమ్మా.
ఇడి ఇడిగా అంటే గోడ కొట్టాల."
కొట్టమన్నాను.

గిన్నె కిందికి దించితే
లోపల రెండూ ఎర్ర తీగలే.
ఏది ఫేజో, ఏది న్యూట్రలో
కట్టినవాడు తనతోనే తీసుకుపోయాడు.
రాగి పచ్చబడి ఉంది ఉప్పుగాలికి.
మెరుపు కనబడేదాకా
అంగుళం అంగుళం కోసుకుంటూ పోయాడు.
కొక్కేన్ని పట్టుకుని ఒకసారి వేలాడి చూశాడు.
"గట్టిదే," అన్నాడు.
నాకు తెలుసు. హుద్‌హుద్ నాడు
కిటికీ రెక్క ఊడిపోయాక
కరెంటు లేకుండానే తిరిగిందిది,
వెనక్కి.

"న్యూట్రలు ఇద్దరికీ ఒకటి సాలు. ఫేజులే ఏరు."
గుమ్మంలోంచి మా ఆయన దగ్గాడు.
హైమ నోట్లో స్క్రూలతోనే నవ్వింది.

ఆ తర్వాత రెక్క కొస దాకా దారం పట్టి
కప్పు మీద పెన్సిల్‌తో గుండ్రంగా గీశాడు.
"ఈ గీత లోపల లైటు పెట్టకూడదమ్మా.
తిరిగే రెక్క ఎలుగుని కోసేస్తాది.
గదంతా కన్ను కొట్టినట్టుంటాది.
ఆరోగ్యంగా ఉన్నోలం మనం సూసుకోం గానీ
జబ్బు మనిషి పడుకుని పైకే సూస్తాడు గదా."

చేతిలో నీళ్ల గ్లాసు అలాగే ఉండిపోయింది.

మా వార్డులో పదమూడో మంచం.
మొన్న చలికాలంలో ఒక ముసలమ్మ,
పేరు బోయిన అచ్చియ్యమ్మ,
రాత్రంతా మొహం ముందు చెయ్యి ఆడించేది
ఈగల్ని తోలినట్టు.
"ఆపండమ్మా, ఎవులో కొడతన్నారు" అనేది.
ఈగలు లేవు, ఎవరూ కొట్టడం లేదు.
మతి స్థిమితం లేదని కేసు షీట్లో
నేనే రాశాను, నీలం ఇంకుతో,
గుండ్రటి నా అక్షరాలతో.
చేతులు కట్టమంటే, మెత్తటి గుడ్డతో
అదీ నేనే కట్టాను.
పైకి చూడలేదు.

"నీల్లు ఇటియ్యండమ్మా," అన్నాడు సన్నిబాబు పైనుంచి.

మూడు గంటలకి మెయిన్ వేశాడు.
దీపాలు నాలుగూ గీతకి జానెడు అవతల.
ఫ్యాను అయిదులో పెట్టి చూశాను.
వెలుగు కదల్లేదు.
మా ఆయన ఒక చీటీ గాలికి వదిలిపెట్టి
ఎగిరిందని ఫ్యానాపి, దీపం ఉంచి,
మళ్లీ దీపమాపి, ఫ్యాను వేసి
రేవులో కొత్త పడవ దింపినంత సంబరపడ్డాడు.

ఆసుపత్రిలో లైటు జరపడానికి వస్తావా అని
గేటు దగ్గర సన్నిబాబుని అడిగాను.
"సర్కారు బల్బు మనం ముట్టకూడదమ్మా," అన్నాడు.
అర్జీ పెట్టుకోవాలట. పెడతాను.

ఆ రాత్రి డ్యూటీలో
అందరూ పడుకున్నాక
పదమూడో మంచాన్ని రెండడుగులు గోడవైపు లాగాను.
తుప్పు చక్రాలు వార్డంతా వినబడేలా అరిచాయి.
అందులో ఉన్నది వేరే ఆమె.
"ఏటమ్మా, ఎందుకు?" అంది.
వంగి, ఆమె తల పక్కన నా తల పెట్టి
పైకి చూశాను.